కారు ముందు అద్దం లోపలివైపు శుభ్రం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందు అద్దం బయటివైపు చూసుకోడానికి వైపర్ ఉంది, వాషర్ నీళ్లున్నాయి, వాన ఉంది, పొద్దున్నే బకెట్‌తో వచ్చి కడిగే కుర్రాడున్నాడు. లోపలివైపుకి దిక్కు లేదు. ఆర్నెల్లకో ఏడాదికో రాత్రిపూట ఎదురు బండి లైట్లకి కళ్లు చెదిరినప్పుడే అది గుర్తొస్తుంది. అప్పుడు సీటు కింద దొరికిన గుడ్డతో నాలుగు రుద్దులు రుద్దుతాం, అద్దం ముందుకంటే అధ్వాన్నంగా తయారవుతుంది. అలా విసిగిపోయినవాళ్లు ఎప్పుడూ అడిగేవే ఈ ప్రశ్నలు.

నేను సిగరెట్ తాగను, ఆ అద్దాన్ని ఎవరూ ముట్టుకోరు. మరి లోపల ఈ మసక పొర ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఎక్కువ భాగం మీ డ్యాష్‌బోర్డ్ నుంచే. డ్యాష్‌బోర్డ్, డోర్ ప్యాడ్లు, సీటు కవర్లు మెత్తగా ఉండాలని ప్లాస్టిక్‌లో నూనెలాంటి పదార్థాలు కలుపుతారు. వేడెక్కినప్పుడు అవి కొద్దికొద్దిగా ఆవిరై బయటికొచ్చి, లోపల ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ పేరుకుంటాయి. రాత్రి చల్లబడ్డ అద్దం వాటికి మంచి చోటు. మన ఎండల సంగతి తెలిసిందేగా, బయట 40 డిగ్రీలుంటే, అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారులో డ్యాష్‌బోర్డ్ పైభాగం 70 డిగ్రీల దాకా వెళ్తుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలంతా చెట్టు నీడ కూడా లేకుండా నిలబడే కారు అద్దానికి జిడ్డు పట్టకపోతేనే ఆశ్చర్యం.

దానికి తోడు మనం చేతులారా కలిపేవి కొన్నున్నాయి. డ్యాష్‌బోర్డ్ తళతళలాడాలని కొట్టే సిలికాన్ పాలిష్ అన్నిటికన్నా పెద్ద దొంగ. స్ప్రే చేసినప్పుడే తుంపర వెళ్లి అద్దమ్మీద పడుతుంది, అది చాలదన్నట్టు డ్యాష్‌బోర్డ్ మెరుపు అద్దంలో ప్రతిబింబించి ఇంకాస్త చికాకు పెడుతుంది. ఏసీ గ్రిల్లుకి తగిలించే సెంటు, వినాయకుడి బొమ్మ ముందు వెలిగించే అగరుబత్తి, దసరాకి వాహనపూజ చేసి లోపల ఇచ్చే హారతి పొగ, మన ఊపిరి, తల నూనె రాసుకున్న చేత్తో ఆవిరి తుడవడం, అన్నీ ఆ అద్దమ్మీదికే చేరతాయి. ఏసీ ఎప్పుడూ రీసర్క్యులేషన్‌లోనే ఉంటే లోపలి గాలి లోపలే తిరుగుతుంది కాబట్టి ఇంకా తొందరగా పడుతుంది.

అంటే ఇది దుమ్ము కాదు, జిడ్డు. దుమ్మనుకుని తుడుస్తాం కాబట్టే పోదు.

కారు కొని మూడు నెలలే అయింది, అప్పుడే ఇంత మసకా? పాత స్టాక్ అంటగట్టారా?

అనవసరంగా అనుమానపడకండి. కొత్త కారుకే ఈ పొర ఎక్కువ. అందరూ ఇష్టంగా పీల్చే ఆ కొత్త కారు వాసన ప్లాస్టిక్, జిగురు, ఫోముల నుంచి వచ్చే ఆవిర్లే. మొదటి కొన్ని నెలలు కాస్త తరచుగా తుడవండి, తర్వాత తగ్గుతుంది. ఎండలో పెట్టిన కారు ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలు దించి నడిపితే చాలా మేలు.

పగలు బాగానే కనిపిస్తోంది. దీనికింత పట్టింపు అవసరమా?

పగలు కనిపించదు, అదే దీంతో చిక్కు. వెలుతురు నేరుగా మీ కళ్లకి ఎదురొచ్చినప్పుడే ఈ పొర బయటపడుతుంది. పండక్కి హైదరాబాద్ నుంచి చీకటితోనే బయల్దేరి చౌటుప్పల్ పంతంగి టోల్ దగ్గర బారులో ఇరుక్కుని బయటపడేసరికి సూర్యుడు ఎదురుగా వచ్చేస్తాడు, విజయవాడ రోడ్డు తూర్పుకే కదా వెళ్లేది. అద్దం మీద పొర ఉంటే ఆ క్షణం మొత్తం తెల్లగా అయిపోయి ముందున్న బండి బ్రేక్ లైటు కూడా కనపడదు. తిరుగు ప్రయాణంలో సాయంత్రం పడమటి ఎండతోనూ ఇదే కథ. రాత్రి హైబీమ్ వేసుకుని ఎదురొచ్చే వాళ్ల సంగతి సరేసరి, వాళ్లని తిట్టుకునే ముందు ఓసారి మన అద్దం చూసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ వెలుగుని అంత పెద్ద వలయంగా చెదరగొట్టేది సగం ఈ జిడ్డే.

పరీక్ష సులువు. రాత్రి కారు బయట నిలబడి, ఫోన్ టార్చిని అద్దానికి ఏటవాలుగా పెట్టి లోపలికి చూడండి. పాత రుద్దుడు వంపులు, పిల్లల చేతి ముద్రలు, ఫోన్ హోల్డర్ రబ్బరు మిగిల్చిన గుండ్రటి మచ్చ, అన్నీ కనబడతాయి.

ఏమేం కొనాలి?

పెద్దగా ఏమీ అక్కర్లేదు. మూడు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక స్ప్రే సీసా, డ్యాష్‌బోర్డ్ మీద పరవడానికి ఒక పాత టవల్. గుడ్డల్లో అద్దాలకని చిన్న చిన్న గళ్లతో నేసినవి దొరుకుతాయి, బొచ్చు గుడ్డలకంటే అవి నయం, నూగు వదలవు. నన్నడిగితే డబ్బు లిక్విడ్ మీద కాదు, గుడ్డల మీద పెట్టండి. మంచి లిక్విడ్, చెత్త గుడ్డ అయితే పని చెడుతుంది. ఉత్త నీళ్లు, మంచి గుడ్డ అయినా సగం పని అయిపోతుంది.

ఆ గుడ్డల్ని కారు బాడీకి, టైర్లకి వాడొద్దు. ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ అస్సలు వేయకండి, అది గుడ్డ పోగుల మీద సన్నటి పూత వదులుతుంది, ఆ పూత మళ్లీ అద్దమ్మీదికి వస్తుంది. కొత్త గుడ్డని కూడా ఒకసారి ఉతికాకే వాడండి.

ఏ లిక్విడ్ మంచిది? ఇంట్లో అద్దాలకి వాడేది పనికొస్తుందా?

అద్దానికి లోపల ఎండ తగ్గించే ఫిల్మ్ ఏదీ అతికించి లేకపోతే ఇంట్లో వాడే గ్లాస్ క్లీనర్ పనికొస్తుంది. ముందు లేబుల్ చూడండి, అమోనియా లేనిదైతే మంచిది. అమోనియా అద్దాన్ని ఏమీ చేయదు కానీ ఫిల్ముని పాడుచేస్తుంది, ప్లాస్టిక్ మీద పడితే అదీ మంచిది కాదు, పైగా మూసి ఉన్న కారులో ఆ ఘాటు భరించలేం.

జిడ్డు బాగా పట్టి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి మించింది లేదు. 70 శాతంది తెచ్చి దానికి సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలపండి, అంతే. డిస్టిల్డ్ వాటర్ ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదే, పెట్రోల్ బంకులో, బ్యాటరీ షాపులో దొరుకుతుంది. బోరు నీళ్లు మాత్రం వద్దు. హైదరాబాద్‌లో చాలా చోట్ల బోరు నీళ్లు బకెట్లకి తెల్లగా ఉప్పు పట్టించే రకం, అద్దమ్మీద ఆరితే అవే మరకలు. ఆర్ఓ నీళ్లయితే ఫర్వాలేదు. ఆల్కహాల్‌కి మంట అంటుకుంటుంది కాబట్టి తలుపులు తెరిచి పెట్టుకోండి, దగ్గర్లో అగ్గిపుల్ల, సిగరెట్ ఏవీ ఉండకూడదు, సీసాని ఎండలో కారులో వదిలేయొద్దు.

తుడిచే పద్ధతి చెప్పండి, మొదటి నుంచి.

కారు నీడలో ఉండాలి, అద్దం చల్లగా ఉండాలి. వేడి అద్దమ్మీద లిక్విడ్ తుడిచేలోపే ఆరిపోయి చారలు కడుతుంది. పొద్దున్న ఏడింటిలోపు చేయడం ఉత్తమం. ఏసీ, బ్లోయర్ ఆపేయండి. అద్దానికి అడ్డొచ్చే బొమ్మలు, దండలు, ఫోన్ హోల్డర్ తీసేయండి, డ్యాష్‌బోర్డ్ మీద టవల్ పరవండి.

డ్యాష్‌బోర్డ్ పైన దుమ్ముంటే ముందు దాన్ని తుడిచేయండి. లేకపోతే అద్దం తుడిచేటప్పుడు అది లేచి తడి అద్దానికే అంటుకుంటుంది.

ఇక లిక్విడ్‌ని అద్దం మీద కొట్టొద్దు, గుడ్డ మీద కొట్టండి. అద్దం మీద కొడితే కిందికి కారి, అద్దం మొదట్లో ఉండే ఏసీ గాలి సందుల్లోకి, కొన్ని కార్లలో అక్కడే ఉండే స్పీకర్‌లోకి దిగుతుంది. గుడ్డ చెమ్మగా ఉంటే చాలు, పిండితే నీళ్లు కారేంత వద్దు.

మొదటి గుడ్డతో అద్దం మొత్తం ఓసారి తుడవండి, గట్టిగా కాకపోయినా ఆనించి. ఇది జిడ్డుని కరిగించే పని. గుండ్రంగా తిప్పొద్దు, ఒక చివర నుంచి ఇంకో చివరకి అడ్డంగా వెళ్లండి. గుడ్డని నాలుగు మడతలు వేసుకుంటే ఎనిమిది ముఖాలు వస్తాయి, ముఖం మురికి కాగానే తిప్పండి. తెల్ల గుడ్డయితే మొదటి ముఖం బూడిదరంగులోకి మారడం చూస్తారు, కొన్ని కార్లలో పసుపుగా కూడా వస్తుంది. అక్కడ ఆగకుండా రెండో గుడ్డకి కొత్తగా లిక్విడ్ కొట్టి మళ్లీ తుడవండి, ఎందుకంటే మొదటిసారి జిడ్డు కరుగుతుంది గానీ పూర్తిగా గుడ్డకి ఎక్కదు, సగం అద్దమ్మీదే పరుచుకుంటుంది. తడి ఆరకముందే మూడో గుడ్డ, పొడిది, తీసుకుని ఈసారి పైనుంచి కిందికి నిలువుగా లాగండి.

చాలామంది చేయనిది ఈ పొడి గుడ్డ పనే. తడి గుడ్డతో తుడిచి అలా వదిలేస్తారు, కరిగిన జిడ్డు ఆరి మళ్లీ అక్కడే కూచుంటుంది.

ఆ కింది మూలల్లోకి చెయ్యి వెళ్లడం లేదు. నడుము పట్టేస్తోంది.

డ్రైవర్ సీట్లోంచి చేస్తే స్టీరింగ్ అడ్డం. పక్క సీటు పూర్తిగా వెనక్కి జరిపి అందులో కూచుని చేయండి, అద్దంలో ముప్పాతిక భాగం అక్కణ్ణుంచే అందుతుంది. కింది మూలకి అరచేతితో వెళ్తే మణికట్టు వంగదు. చేతిని తిప్పి, వేళ్ల వెనకభాగం అద్దానికి ఆనేలా గుడ్డ పెట్టి తోయండి, ఎంత లోతుకైనా వెళ్తుంది. దీనికని పొడుగు పిడి, మూడుమూలల ప్యాడ్ ఉన్న పరికరాలు అమ్ముతారు. లిక్విడ్ పూయడానికి బాగానే ఉంటాయి, చివరి పొడి తుడుపుకి చెయ్యే మేలు. డ్యాష్‌బోర్డ్ మీద మోకాలు మాత్రం మోపకండి, పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ మూత అక్కడే ఉంటుంది.

ఎంత తుడిచినా చారలు మిగులుతున్నాయి.

చార ఏ వైపుందో ముందు తేలాలి. అందుకే ఒకవైపు నిలువుగా, రెండోవైపు అడ్డంగా అని పెట్టుకుని, చివరి తుడుపు ఎప్పుడూ అదే దిశలో చేయాలి. పైన చెప్పిన పద్ధతిలో లోపల నిలువుగా ముగించాం కాబట్టి బయట అడ్డంగా ముగించండి. అప్పుడు నిలువు చార కనిపిస్తే లోపలిది, అడ్డచార అయితే బయటిది. ఇది తెలియక లేని మరకని లోపల అరగంట రుద్దేవాళ్లున్నారు.

చారలకి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, లిక్విడ్ ఎక్కువవడం. తర్వాతది గుడ్డలో మిగిలిన సబ్బు. గిన్నెలు తోమే లిక్విడ్ ఓ చుక్క కలిపితే జిడ్డు బాగా పోతుంది నిజమే, కానీ ఆ సబ్బు పోవడానికి ఉత్త నీళ్ల గుడ్డతో మళ్లీ రెండుసార్లు తుడవాలి. అంత ఓపిక ఉంటే చేయండి.

న్యూస్‌పేపర్‌తో తుడిస్తే మెరుస్తుందని మా నాన్నగారు అంటారు.

ఇంట్లో కిటికీ అద్దాలకి ఆయన చెప్పింది తప్పేం కాదు. కారులో అసలు సమస్య సిరా. తడి పేపరు సిరా పక్కనున్న లేత రంగు పిల్లర్ కవర్లకి, పైకప్పు గుడ్డకి అంటుకుంటే అది వదిలించడం అద్దం తుడవడం కంటే పెద్ద పని. పైగా పేపరు మూలల్లోకి వెళ్లదు, నానిపోయి చిరుగుతుంది.

శానిటైజర్, వెనిగర్, పేస్ట్, కిరోసిన్, షేవింగ్ ఫోమ్... వీటిలో ఏది నిజంగా పనిచేస్తుంది?

శానిటైజర్ వద్దు. కోవిడ్ నాటి సీసాలు ఇంట్లో మిగిలి ఉన్నాయని వాడతారు, కానీ చేతులు ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, అది అద్దమ్మీద జిగటగా మిగులుతుంది. మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ తీసుకుంటే లేబుల్ చదవండి, కొన్నిట్లో ఆముదం కలుస్తుంది. జిడ్డు వదిలించడానికి ఆముదం కొనుక్కోవడం దేనికి?

తెల్ల వెనిగర్ పనిచేస్తుంది, ఒక వంతుకి రెండు మూడు వంతుల నీళ్లు. నీటి మరకలకి బాగా, జిడ్డుకి ఓ మోస్తరుగా. వాసన ఓ పూట ఉంటుంది. బ్లీచింగ్ ఉన్న ఏ లిక్విడ్‌తోనూ కలపకండి, విషవాయువు వస్తుంది.

పేస్ట్‌లో గరుకు పొడి ఉంటుంది, వద్దు. కిరోసిన్ వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. జిడ్డు తీసి ఇంకో జిడ్డు పెట్టడమే అది, కంపు అదనం. షేవింగ్ ఫోమ్ సంగతి వేరే, అది ఆవిరి పట్టకుండా చేసే చిట్కా, కింద చెప్తాను.

ఫాస్టాగ్ దగ్గర ఎలా తుడవాలి? ఊడదీసి మళ్లీ అతికించొచ్చా?

ఊడదీయొద్దు. ఒకసారి పీకితే లోపలి చిప్, యాంటెన్నా దెబ్బతిని పనిచేయకుండా పోయేలాగే దాన్ని తయారుచేస్తారు. పోనీ డ్యాష్‌బోర్డ్ మీద పెట్టుకుని టోల్ దగ్గర చేత్తో చూపిద్దామంటే, అద్దానికి అతికించని వాళ్ల దగ్గర రెట్టింపు వసూలు చేయమని 2024 జులైలో జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ చెప్పింది. చుట్టూ చెమ్మ గుడ్డతో తుడిచి, దాని అంచుల దగ్గర తడి నిలవకుండా వెంటనే పొడి గుడ్డ పెట్టండి. ఆల్కహాల్ అంచుల్లోకి దిగితే జిగురు వదులుతుంది.

పాత స్టిక్కర్ల జిగురు?

నీలగిరి తైలం. దూదితో అద్ది ఐదు నిమిషాలు ఆగితే జిగురు ఉండకట్టి వచ్చేస్తుంది. లేకపోతే కొబ్బరినూనె, కాకపోతే అది ఎక్కువసేపు నానాలి. ఏది వాడినా తర్వాత ఆల్కహాల్‌తో ఆ నూనె తుడిచేయాలి. స్టిక్కర్ ఇంకా గట్టిగా ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో దూరం నుంచి గోరువెచ్చగా చేసి ఓ మూల నుంచి నెమ్మదిగా లాగండి. బ్లేడు వాడక తప్పకపోతే కొత్త బ్లేడు, తడి అద్దం, బాగా పడుకోబెట్టిన కోణం, అదీ ముందు అద్దానికి మాత్రమే.

వెనకద్దానికీ ఇదే పద్ధతా?

కాదు. వెనకద్దం లోపల సన్నటి గోధుమరంగు గీతలు అడ్డంగా కనిపిస్తాయే, అవి వేడెక్కి ఆవిరి పోగొట్టే డీఫాగర్ తీగలు, అద్దం లోపలి ముఖం మీదే అచ్చువేసి ఉంటాయి. ఒక్కటి తెగినా ఆ వరస వేడెక్కదు. గీతల వెంబడే, అడ్డంగా, మెత్తగా తుడవాలి. బ్లేడు, గరుకు స్పాంజి దగ్గరికి కూడా రానివ్వకండి. చేతి ఉంగరం తీసేయండి.

పక్కద్దాలకి ఫిల్మ్ ఉంటే అమోనియా, ఆల్కహాల్ రెండూ వద్దు, నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. అన్నట్టు, ముందు వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్కద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని నిబంధన. నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2012లో. మసక అద్దానికి చలానా రాయరు కానీ నల్లద్దానికి రాస్తారు.

అద్దం వెనక కెమెరా, సెన్సార్ ఉన్న కారు అయితే?

వెనకొచ్చే బళ్లు చూసుకునే లోపలి చిన్నద్దం వెనక నల్లటి డబ్బాలాంటిది ఉంటుంది, వాన సెన్సార్, లేన్ చూసే కెమెరా అందులోనే ఉంటాయి. దాని మూత విప్పొద్దు, అటువైపు స్ప్రే చేయొద్దు. లోపల మసక పట్టి కెమెరా హెచ్చరిక వస్తుంటే సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాల్సిందే, కెమెరా కాస్త కదిలినా మళ్లీ సరిచేయించాలి.

వానాకాలంలో లోపల ఆవిరి పడుతోంది. శుభ్రం చేస్తే తగ్గుతుందా?

చాలావరకు తగ్గుతుంది. తేమ పట్టుకోడానికి జిడ్డు, దుమ్ము కణాలు ఆసరా ఇస్తాయి, శుభ్రంగా ఉన్న అద్దం మీద ఆవిరి ఆలస్యంగా పడుతుంది, తొందరగా పోతుంది. అయినా పడితే ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి తిప్పి, రీసర్క్యులేషన్ తీసేయండి. వానలో ఏసీ ఎందుకని ఆపేస్తారు చాలామంది, గాలిలో తేమ లాగేది ఆ ఏసీయే. లంబసింగి, అరకు చలిలో అయితే ఏసీతోపాటు హీటర్ కూడా కలపండి.

విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోత రోజుల్లో ఇంకో రకం జరుగుతుంది, ఏసీకి అద్దం చల్లబడి బయటివైపు ఆవిరి పడుతుంది. లోపల ఎంత తుడిచినా పోదు. వైపర్ ఒకసారి కొట్టండి, పోయిందంటే బయటిదే. అప్పుడు ఏసీ కాస్త తగ్గించి, గాలి అద్దానికి తగలకుండా తిప్పాలి.

షేవింగ్ ఫోమ్ కొద్దిగా రాసి పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేస్తే కొన్నాళ్లు ఆవిరి పట్టదు, నిజమే. కానీ సరిగ్గా తుడవకపోతే అదే రాత్రిపూట కొత్త మసక. నా మటుకు నేను దాన్ని హెల్మెట్ గ్లాసుకి సరిపెడతాను, ముందు అద్దానికి వాడను. పొగాకు రుద్దడమనే పాత లారీ చిట్కా బయటివైపు వాననీటికి, లోపల ప్రయత్నించకండి.

ఎన్నాళ్లకోసారి చేయాలి?

నెలకోసారి చాలు. కొత్త కారు, ఎండలో పార్కింగ్, కారులో సిగరెట్ అయితే రెండు వారాలకోసారి. ఎండలో పెట్టేటప్పుడు అద్దానికి సన్‌షేడ్ అడ్డం పెడితే, డ్యాష్‌బోర్డ్‌కి పాలిష్ బదులు ఉత్త తడిగుడ్డ వాడితే గడువు బాగా పెరుగుతుంది.

కారు కడిగే అబ్బాయికో వాషింగ్ సెంటర్‌కో చెబితే సరిపోదా?

చెప్పొచ్చు, కానీ గుడ్డ మీరివ్వండి. పది కార్ల డ్యాష్‌బోర్డులు పాలిష్ తుడిచిన గుడ్డే మీ అద్దానికీ వస్తుంది. డ్యాష్‌బోర్డ్ పాలిష్ వద్దని కూడా ముందే చెప్పండి, ఫోమ్ వాష్‌తో ఉచితం అంటూ కొట్టేస్తారు.

నిన్ననే తుడిచాను, ఈరోజు మళ్లీ జిడ్డు. తియ్యటి వాసన కూడా వస్తోంది.

ఇది శుభ్రం చేసే సంగతి కాదు. డ్యాష్‌బోర్డ్ వెనక హీటర్‌కి వెళ్లే కూలెంట్ కారుతుంటే దాని ఆవిరి అద్దానికి జిడ్డుగా అంటుకుంటుంది, తియ్యటి వాసన దానిదే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ డబ్బాలో మట్టం చూడండి, పక్క సీటు కింద కార్పెట్ తడిగా ఉందేమో తడిమి చూడండి. మట్టం తగ్గుతుంటే వెంటనే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి, ఇంజిన్ వేడెక్కి ఆగిపోయేదాకా తెచ్చుకోవద్దు.

అన్నీ చేశాను, అయినా ఒక మచ్చ అలాగే ఉంది.

ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. అంచుల వెంబడి పాలలా తెల్లగానో బుడగలుగానో కనిపిస్తే ఆ అతుకు వదులుతోందని అర్థం, దాన్ని ఏ గుడ్డా తుడవలేదు. విల్లులా వంపు తిరిగిన సన్నటి గీతలైతే బయటివైపు పాత వైపర్ రబ్బరు గీసినవి, గోరు పెట్టి చూస్తే లోతైనవి తగులుతాయి. లోతు లేనివి పాలిష్ చేసేవాళ్లున్నారు, కానీ డ్రైవర్ చూపు పడే చోట పాలిష్ చేయిస్తే అద్దం కాస్త వంకర చూపిస్తుంది, అక్కడ అద్దం మార్పించడమే నయం. మార్పించే ముందు ఇన్సూరెన్స్ పాలసీలో అద్దానికి ఏం రాసుందో చూసుకోండి, కొత్త అద్దం వచ్చాక ఫాస్టాగ్ కూడా మీ బ్యాంకు నుంచి కొత్తది తీసుకోవాలి.